సరిచేసి తెస్తనని తీసుకపోయిన కుర్చీ

మహేందర్ కుడి చేత్తో చక్రాన్ని తిప్పుతూ, ఎడమ చేతిలోని సుద్దముక్కను రింగుకు ఆనీ ఆననట్టు పట్టుకున్నాడు. రింగు వంకర పోయినచోట సుద్ద గీత పడుతుంది. గీత పడ్డచోట ఒకవైపు పుల్లలు కొంచెం బిగించాలి, అవతలివైపువి అంతే వదలాలి. తొందరపడి ఒక్క పుల్లనే గట్టిగా బిగిస్తే వంకర పోదు, పక్కకు జరుగుతుంది. మళ్లీ తిప్పాడు. ఈసారి సుద్ద ఎక్కడా తగల్లేదు. చక్రాన్ని కుర్చీకి ఎక్కించి ఇరుసు నట్టును పానాతో బిగించాడు.

కోరుట్లలో ఒక ఫంక్షన్ హాలు అది. గోడ పొడుగునా విదేశం నుంచి వచ్చిన అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ఒక్కో పెట్టెలో ఒక్కో చక్రాల కుర్చీ విడి భాగాలుగా ఉంటుంది. ఏటా చలికాలంలో ఒక మిషన్ సంస్థ వాళ్లు సముద్రం అవతలి నుంచి వచ్చి, నడవలేని వాళ్లకు ఈ కుర్చీలు ఇచ్చి పోతారు. పెట్టెలు విప్పి కుర్చీలను నిలబెట్టే పని మహేందర్‌ది. మిగతా ఏడాదంతా అతనిది తంగళ్ళపల్లిలో సైకిళ్లు, బండ్లు బాగుచేసే దుకాణం. వెల్డింగు కూడా చేస్తాడు.

ఈ పనికి అతన్ని పిలిచింది సామేలు. చిన్నప్పుడు ఇద్దరూ సిరిసిల్లలో అద్దె సైకిళ్ల దుకాణంలో పంచర్లు వేయడం నేర్చుకున్నారు. మహేందర్ తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. కొడుకు రెండుసార్లు చెట్టు సగం దాకా ఎక్కి, కళ్లు తిరిగి దిగివచ్చాడు. నీకు నేలే మంచిదిరా అని తండ్రే తీసుకుపోయి ఆ దుకాణంలో వదిలాడు. సామేలు చేతిపని మీద ఎక్కువ కాలం నిలవలేదు. మాట బాగా వచ్చినవాడు. ఇంగ్లీషు నేర్చుకుని మిషన్‌కు ఈ ప్రాంతపు మనిషి అయ్యాడు. క్యాంపు ఎక్కడ పెట్టాలి, ఎవరిని పిలవాలి, ఎవరికి కుర్చీ ఇవ్వాలి, అన్నీ అతని చేతి మీదుగానే జరిగేవి.

వచ్చే వాళ్లలో వాల్టర్ అనే పెద్దాయన ఉండేవాడు. తమ దేశంలో వడ్రంగం చేసి ముసలితనంలో ఈ పనికి వచ్చాడని సామేలు చెప్పాడు. తెలుగులో ఆయనకు వచ్చింది ఒకే మాట, మంచిగ. మొదటి ఏడాది ఆయన మహేందర్ చేయి పట్టుకుని, కుర్చీలో కూర్చున్న మనిషి పిరుదు కింద అరచేయి పెట్టించాడు. ఎముక ఎక్కడ గుచ్చుకుంటుందో చేతికి తెలుస్తుంది. అక్కడ స్పంజిని గుంటలా కోయాలి, లేకపోతే ఒంటికి స్పర్శ లేనివాళ్లకు నొప్పి తెలియకుండానే పుండు పడుతుంది. ఇదంతా ఆయన ఒక్క మాట లేకుండా చేతులతోనే నేర్పాడు. పని నేర్పినవాడిని మహేందర్ గురువనే అనుకున్నాడు. ఇంటి దగ్గర ఆయన గురించి చెప్పేటప్పుడు మా సారు అనేవాడు.

ఇప్పుడు చక్రం ఎక్కించిన కుర్చీ సారయ్యది. కోనరావుపేట అవతలి పల్లెలో సారయ్య కల్లు గీసేవాడు. తాటిచెట్టు మీది నుంచి పడి వెన్ను విరిగింది. నడుము కింద ఏమీ తెలియదు. అప్పటి నుంచి మంచంలోనే ఉన్నాడు. అతని భార్య ఎల్లవ్వ మహేందర్‌కు వరుసకు అక్క అవుతుంది. కుర్చీల సంగతి విని దుకాణానికి వచ్చి ఆమే అడిగింది. మహేందర్ సామేలుకు చెప్పాడు, సామేలు సరేనన్నాడు.

క్యాంపు రోజు సారయ్యను ఆటోలో తెచ్చారు. కుర్చీలో కూర్చోబెడితే ఒక పక్కకు వాలిపోయాడు. కుర్చీతో వచ్చిన పట్టీ సన్నగా ఉండి ఛాతీకి ఒరుసుకుంది, ప్లాస్టిక్ కొక్కెం రెండుసార్లు ఊడింది. అప్పుడు ఎల్లవ్వ ఆటోలో పరుపు కింద పెట్టుకొచ్చిన సారయ్య మోకు తెచ్చి మహేందర్‌కు ఇచ్చింది. చెట్టుకూ తన నడుముకూ కలిపి గీత కార్మికుడు వేసుకునే మోకు అది. దాని మీద వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలి కల్లు కోసం గెలలు గీస్తారు. మహేందర్ దాన్ని కుర్చీ వీపు వెనక నుంచి తెచ్చి సారయ్య ఛాతీకి కట్టాడు. తండ్రి కట్టే ముడే వేశాడు. సారయ్య నిటారుగా కూర్చున్నాడు.

“బామ్మర్దీ, చెట్టు లేకుంట మోకు కట్టుకున్నది మన కులంల నేనే మొదలు” అన్నాడు సారయ్య.

వాల్టర్ మోకు మీద చేయి వేసి గుంజి చూశాడు. ముడి ఎటు నుంచి ఎటు పోయిందో వేలితో వెతికి, మహేందర్ భుజం తట్టి మంచిగ అన్నాడు. ఫొటో తీసుకున్నారు.

ఆ ఏడంతా సారయ్య ఊళ్లో తిరిగాడు. పొద్దున చాయ్ దుకాణం, పొద్దెక్కాక తాటివనంలో కల్లు అమ్మే మండువ. తాను ఎక్కలేని చెట్ల కింద కూర్చుని, ఎక్కేవాళ్లకు తప్పులు పట్టేవాడు. నెలకోసారి మహేందర్ ఆ దారిన పోయినప్పుడు చక్రాలకు నూనె వేసి వచ్చేవాడు. మంచంలో ఉండి ఉండి వీపు కింద పడిన పాత పుండు మానింది.

మళ్లీ చలికాలం వచ్చింది. ఈసారి క్యాంపు జగిత్యాలలో. దానికి వారం ముందు సామేలు ఫోన్ చేశాడు. పోయినేడు ఇచ్చిన కుర్చీల ముందు చక్రాల్లో లోపం ఉందట, మిషన్ సార్లు కొత్తవి తెస్తున్నారట, వాటిని మార్చి ఇస్తారట. వ్యాన్ పంపితే మిగతా వాళ్లంతా ఇచ్చారు గానీ ఎల్లవ్వ ఇవ్వలేదని, వ్యాన్ డ్రైవర్‌ను వాకిట్లోంచే వెనక్కి పంపిందని చెప్పాడు. మహేందర్ వస్తేనే ఇస్తనని అన్నదట.

ఆ పల్లెల్లో అంతే. బోరు మోటారైనా కుట్టు మిషనైనా, తెలిసిన పనివాడు వచ్చి సరిచేసి తెస్తనంటే ఎత్తి ఇచ్చేస్తారు. ఎక్కడికి అని కూడా అడగరు. మహేందర్ కూడా సామేలును ఏమీ అడగలేదు. ట్రాలీ ఆటో మాట్లాడుకుని పోయాడు.

ఎల్లవ్వ అతన్ని చూసి కుర్చీ మీది దుప్పటి తీసింది. “ఎన్నొద్దులైతది తమ్మీ?” అని అడిగింది.

“వారం దినాలు అక్కా. సరిచేసి నేనే తెస్త.”

సారయ్య మంచం మీది నుంచి, “జల్ది తేరా. మీ అక్క తిడితె ఉరుకుతందుకు నాకున్నది గా కుర్చే” అన్నాడు. మోకు విప్పి పెట్టుకోనా అని ఎల్లవ్వ అడిగితే, వద్దులే, మళ్లీ కట్టే పని తప్పుతుందని మహేందరే అన్నాడు. కుర్చీని కోరుట్లలో సామేలు చెప్పిన గదిలో దించి వచ్చాడు.

క్యాంపు రోజు పొద్దున్నే జగిత్యాలకు రమ్మన్నారు. హాలు నిండా జనం. కుర్చీలు వరుసగా ముందే నిలబెట్టి ఉన్నాయి. అట్టపెట్టెలు ఎక్కడా కనబడలేదు. మహేందర్ వాటి కోసం వెనక గదిలో కూడా చూశాడు. మరి తనను ఎందుకు పిలిచినట్టు అని సామేలును అడిగితే, బ్రేకులు అవీ ఒకసారి చూడు అని చెప్పి మైకు దగ్గరికి పోయాడు.

మూడో వరుసలో ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది. పేరు భాగ్య. పుట్టినప్పటి నుంచి కాళ్లు సన్నబడి లోపలికి ముడుచుకుపోయాయి. బీడీలు చేస్తుంది. వాళ్లమ్మ పక్కన నిలబడి, ఎవరు దగ్గరికి వచ్చినా కుర్చీని చూపి నవ్వుతోంది. భాగ్య ఛాతీకి మోకు కట్టి ఉంది.

మహేందర్ మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. చక్రం పక్క గార్డు మీద, సారయ్య కుర్చీకి తాను వేసిన వెల్డింగు చుక్క. ముందు చక్రాలు పాతవే. మోకును ఎవరో కోసేశారు. కోసిన చోట పేటలు విచ్చుకుని కుచ్చులా వేలాడుతున్నాయి. మిగిలిన ముక్కను మామూలు ముడి వేసి గుంజి కట్టారు.

“అన్నా, ఈ బ్రేకు ఎట్ల ఏసుడు?” అని అడిగింది భాగ్య.

అతను చూపించాడు. ఆ పిల్ల తానే వేసింది, తీసింది, మళ్లీ వేసింది. చక్రాలు పట్టుకుని మూరెడు దూరం ముందుకు పోయి వెనక్కి వచ్చింది. ఇన్నేండ్లు అమ్మ ఎత్తుకుంటేనే కదిలినదాన్ని అని చెప్పింది. మహేందర్ ముడి విప్పి, ఊడకుండా సరిగ్గా కట్టి లేచాడు.

సామేలు హాలు వెనక వంటల దగ్గర దొరికాడు. అడిగితే దాచలేదు.

“కంటైనర్ రాలేదురా. పోర్టుల ఆగింది. సార్లు విమానం దిగిండ్రు, మందిని పిలిచిన. ఉత్త చేతులు సూపెట్టుమంటవా?”

“నా తోని అబద్ధం చెప్పిచ్చినవ్.”

“నువ్వయితెనే ఇస్తనన్నది గామె. మరి ఎవల్ని పంపాలె? వచ్చే నెల కొత్తది ఇస్త, నువ్వే తీస్కపోయి ఇయ్యి.”

“సారయ్య బావ మంచంల ఉన్నడు.”

“అంతకుముందు మంచంలనే ఉండె గదరా. ఇంకో నెల ఉండడా?”

 మోకు ఎవరు కోశారని మహేందర్ అడిగాడు. తానే కోశానని, పిల్లకు పొడుగైందని సామేలు చెప్పాడు. “పాత తాడు. దానికేందిరా?”

తిరిగి హాల్లోకి వచ్చేసరికి వాల్టర్ భాగ్య ముందు కూర్చుని కాళ్ల పలకను పైకి జరుపుతున్నాడు. ఆయన చేయి మోకు మీదికి పోయింది. కోసిన చోట బొటనవేలు ఆగింది. ముడిని చూశాడు. తలెత్తి మహేందర్‌ను చూశాడు.

ఇప్పుడు ఏదో అంటాడనుకున్నాడు మహేందర్. తెలుగు రాకపోయినా ఫరవాలేదు. సామేలును పిలిచి అడిగినా చాలు, చేయి చూపి ఇదేమిటన్నా చాలు. వాల్టర్ చూపు దించుకున్నాడు. కాళ్ల పలక మరను బిగించాడు. ఫొటో తీసేవాడు రాగానే వాల్టర్ భాగ్య పక్కకు జరిగి, ఆ కోసిన ముక్క కనబడకుండా చేత్తో కప్పి కూర్చున్నాడు. అప్పుడు కూడా మహేందర్ వైపు చూడలేదు.

సామేలు మాటకారి అని మహేందర్‌కు ముందే తెలుసు. మోసం చేశాడంటే కోపం వచ్చింది గానీ వింత అనిపించలేదు. వాల్టర్ సంగతి అట్లా కాదు. ఒక ముడిని అంత శ్రద్ధగా చూసినవాడు, ఆ మోకు కోసి ఉండటం గుర్తుపట్టి కూడా ఊరుకున్నాడు. బస్సులో కోరుట్ల దాటి రుద్రంగి వచ్చేదాకా మహేందర్ అదే తలచుకున్నాడు. ఇంటికి పోకుండా మధ్యలోనే దిగి కోనరావుపేట బండి ఎక్కాడు.

ఎల్లవ్వ వాకిట్లో ఉంది. అతని వెనక ఆటో కోసం చూసింది. అతను జరిగినదంతా చెప్పాడు. సామేలు, కంటైనర్, జగిత్యాల, భాగ్య, మోకు, ఏదీ విడవలేదు. తనకు తెలియదని, తనను కూడా మోసం చేశారని చెప్పాడు.

“సామేలెవలో నాకు ఎరుక లేదు” అన్నది ఎల్లవ్వ. “నేను ఇచ్చింది నీకు.”

అంతే అన్నది. తిట్టి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. లోపల సారయ్య అంతా విన్నాడు. బామ్మర్దీ అని పిలవలేదు. గోడ వైపు తిరిగే శక్తి అతనికి లేదు కాబట్టి కళ్లు మూసుకున్నాడు. కుర్చీతో పాటు గుంట కోసిన స్పంజి కూడా పోయింది. మానిన పుండు మళ్లీ ఎర్రబడుతోందని ఎల్లవ్వ చెప్పింది. అది కూడా అతని మీద నేరం మోపినట్టు కాదు, పొరుగువాళ్లతో చెప్పినట్టు చెప్పింది.

కొత్త కుర్చీ వచ్చే నెల రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మహేందర్ ఎదురుచూడటం మానేసి పైపులు కొనుక్కొచ్చాడు. సాయంత్రం దుకాణం పని అయ్యాక కుర్చీ చట్రం కోయడం మొదలుపెట్టాడు. వెనక చక్రాలు సులువే, సైకిల్ రింగులు సరిపోతాయి. ముందు చిన్న చక్రాల దగ్గరే ఆగిపోయాడు. అవి అన్ని వైపులా తిరగాలి, మనిషి బరువు మోయాలి, గుంతలో ఇరుక్కోకూడదు.

ఆ సంగతి ఎట్లా తెలిసిందో, ఒకరోజు సామేలు బండి మీద వచ్చి ఒక సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల రెండు ముందు చక్రాలు, కుర్చీలతో వచ్చే రకమే. సార్లు పంపిన కొత్త సామాను అని, సారయ్య కోసం తీసి పెట్టానని చెప్పాడు. చాయ్ తాగుదాం పద అని కూడా అన్నాడు.

మహేందర్ ఒక చక్రాన్ని చేతిలోకి తీసుకుని తిప్పాడు. సాఫీగా తిరగలేదు. వెలుతురులోకి తెచ్చి ఇరుసు దగ్గర సూదితో కెలికాడు. తెల్లటి నూలుపోగు బయటికి వచ్చింది. గుంజినకొద్దీ వచ్చింది. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే ఇండ్లలో నేల మీద ఎప్పుడూ పోగులు పడి ఉంటాయి, ఏ చక్రం తిరిగినా ఇరుసుకు చుట్టుకుంటాయి. అతని దుకాణానికి వచ్చే సిరిసిల్ల సైకిళ్లన్నిటిలో ఉండేదే.

“ఎవల ఇంట్లయిరా ఇవి?”

“చెప్పిన గద, కొత్తయి.”

“కొత్త చక్రానికి నూలెట్ల చుట్టుకుంటది?”

సామేలు పోగును చూశాడు. “నువ్వొక్కనివే మంచోనివి, ఊరందరు దొంగలు” అన్నాడు.

మహేందర్ చక్రాలను సంచిలో వేసి, మూతి ముడి వేసి అతని చేతికిచ్చాడు. “తీసిన కాడనే పెట్టు పో” అన్నాడు. పెట్టడని తెలుసు. సాంచాల ఇంట్లో ఎవరో ముందు చక్రాలు లేని కుర్చీ దగ్గర కూర్చుని ఉంటారు. వాళ్లకు కూడా సరిచేసి తెస్తమనే చెప్పి ఉంటారు. అక్కడ తన పేరు వాడుకున్నారో లేదో అతనికి తెలియదు. ఆ రోజు తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. తర్వాతి క్యాంపుకు పిలుపు వచ్చినా మహేందర్ పోలేదు.

ముందు చక్రాలకు పిల్లల సైకిల్ చక్రాలు వాడాడు. చిన్న ఫోర్కులు కోసి, లోపల బేరింగు కూర్చి చట్రానికి అతికించాడు. మొదటిసారి అతికినప్పుడు ఒకటి వెంట్రుకవాసి వాలింది. ఖాళీ కుర్చీ తిన్నగానే పోయింది. బియ్యం బస్తా పెట్టి తోస్తే ఎడమకు గుంజింది. కోసి మళ్లీ అతికాడు. రెండోసారి కుడికి గుంజింది. మూడోసారి లంబం దారం వేలాడదీసి చూసి అతికాడు. వేడి చల్లారేదాకా చేయి వేయలేదు.

సీటుకు మంచానికి అల్లినట్టే నవారు అల్లాడు. వీపుకు కూడా అంతే. ఛాతీ పట్టీ కోసం నవారునే రెండు మడతలు వేసి, అంచుల వెంట గట్టి దారంతో కుట్టి, లోపలివైపు మెత్తటి గుడ్డ వేశాడు. కొలతలకు ఎల్లవ్వ ఇంటికి పోయినప్పుడు ఆమె తలుపు దగ్గరే నిలబడి చూసింది, దగ్గరికి రాలేదు. అతను సారయ్య పిరుదు కింద అరచేయి పెట్టి ఎముక ఎక్కడుందో చూసుకున్నాడు. స్పంజి కోసేటప్పుడు ఆ గుంట ఎంత లోతు ఉండాలో చేతికే తెలిసింది. నేర్పినవాడి మీద మనసు విరిగింది. నేర్చుకున్న పని మాత్రం చేతుల్లోంచి పోలేదు. అది అతనికి బాధగానే ఉండేది. ప్రతిసారీ ఆ ముసలి చేయి గుర్తుకొచ్చేది.

పుండు మానేదాకా కూర్చోబెట్టొద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి, కుర్చీ తయారయ్యాక కొన్నాళ్లు దుకాణంలోనే ఉంది. చూసినవాళ్లు అమ్ముతవా అని అడిగారు. మహేందర్ దాని మీద గోనెపట్టా కప్పాడు.

ఎండలు ముదిరే ముందు ఒక పొద్దున ట్రాలీలో వేసుకుని పోయాడు. పానాలు, నూనె, సుద్దముక్క కూడా వెంట తీసుకుపోయాడు. వాకిట్లో దించి, నట్లన్నీ ఇంకోసారి చూశాడు. అతనూ ఎల్లవ్వా కలిసి సారయ్యను ఎత్తి కూర్చోబెట్టారు. మహేందర్ స్పంజి మీద, పిరుదు కింద చేయి దూర్చి చూశాడు. ఎముక గుంటలో దిగింది. పట్టీ కట్టాడు. సారయ్య ఒక పక్కకు వాలబోయి, ఆగాడు.

“మోకంత లేదు” అన్నాడు సారయ్య.

“లేదు బావా.”

సారయ్య చేతులు చక్రాల మీద వేసి నెమ్మదిగా తోశాడు. కుర్చీ వాకిట్లో తిన్నగా పోయింది. మలుపు దగ్గర ముందు చక్రాలు తిరిగి దారిచ్చాయి. గడప దగ్గర పల్లానికి మహేందర్ వెనక నుంచి పిడులు పట్టుకుని ఆపాడు.

ఎల్లవ్వ వచ్చి పక్కన నిలబడింది. కుర్చీని కింది నుంచి పైదాకా చూసింది. నవారు అల్లికను వేలితో నొక్కింది.

“ఏదన్న చెడిపోతె ఈడికచ్చే చెయ్యి” అన్నది. “నువ్వడిగినా సరే, గీ గడప దాటనియ్య.”

“ఈడికే అస్త అక్కా.”

ఆమె పిడుల మీద చేతులు వేసింది. అతని చేతులు ఇంకా అక్కడే ఉన్నాయి. ఆమె తోయకుండా ఆగింది. మహేందర్ బ్రేకు ఎటు వేయాలో, ఎటు తీయాలో చూపించి, చేతులు తీసేశాడు.